శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ప్లాట్, రాత్రి మోత ఎట్లుంటది?

అన్నలూ ఒక డౌట్. ఎయిర్‌పోర్ట్‌కి తూర్పు దిక్కు, రన్‌వే చివర్నించి ఆరు కిలోమీటర్లు ఉంటది, 150 గజాల ప్లాట్ చూసినం. జనవరిలో మధ్యాహ్నం పోయి గంటసేపు నిలబడితే విమానాలు మంచి ఎత్తులనే పోయినయి, పెద్ద ఇబ్బంది అనిపించలే. కానీ మా అమ్మకు నిద్ర తక్కువ. పైన మూడంతస్తులు ఏద్దామని ఉంది, కింద తమ్ముడు చికెన్ సెంటర్ పెడ్తా అంటుండు. తీసుకోవచ్చా?

↳ జనవరిలో చూసి మోసపోకండి. విమానం గాలికి ఎదురుగా ఎక్కాలి, ఎదురుగానే దిగాలి. అక్కడ రన్‌వే తూర్పు-పడమరలు కదా, చలికాలం తూర్పు గాలి కాబట్టి ఎక్కువగా మీ వైపుకే టేకాఫ్ అవుతాయి, మీ దాకా వచ్చేసరికి బాగా పైకి పోయుంటాయి. వానాకాలం పడమటి గాలి మొదలైతే ల్యాండింగులన్నీ మీ నెత్తిమీద నుంచే, దిగేటప్పుడు కిలోమీటరుకి 50 మీటర్ల చొప్పున కిందికొస్తుంది అనుకోండి, ఆరు కిలోమీటర్లంటే 300 మీటర్ల ఎత్తు అంతే. అదే రన్‌వేని అట్లాగే ముందుకి పొడిగిస్తే వచ్చే గీతకి రెండు కిలోమీటర్లు ఉత్తరానికో దక్షిణానికో జరిగితే మోత చాలా తగ్గుతుంది, అందుకే ఎంత దూరం అని కాదు, గీత మీద ఉందా పక్కనుందా చూడండి. ఇంకోటి, గల్ఫ్, యూరప్ ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రి నుంచి తెల్లారుజాము లోపే వేస్తారు ఎయిర్‌లైన్స్ వాళ్ళు, అక్కడ పొద్దున దిగి వేరే ఫ్లైట్ పట్టుకోవాలని. మీరు మధ్యాహ్నం పోతే ఏం తెలుస్తుంది చెప్పండి.

↳ మోతకి 2018లో పెట్టిన లిమిట్ ఉందిగా, బిజీ ఎయిర్‌పోర్ట్ జోన్‌లో పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్?

↳ ఉందండీ, కానీ అది సగటు. రాత్రి రెండు గంటలకి ఒక్క విమానం గర్జించుకుంటూ పోయి మళ్ళీ పావుగంట నిశ్శబ్దమైతే సగటులో కలిసిపోతుంది, మీ అమ్మగారి నిద్ర మాత్రం పోయినట్టే. మూడంతస్తుల ఎత్తు సంగతి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలర్ మ్యాప్‌లో చూడండి, ఎక్కడ ఎంత ఎత్తు దాకా కట్టొచ్చో రంగుల్లో చూపిస్తుంది. అందులో ఎత్తు సముద్ర మట్టం నుంచి రాస్తారు, ఎయిర్‌పోర్ట్ నేలే దాదాపు 617 మీటర్లు, కాబట్టి మీ స్థలం ఎత్తు తీసేసి లెక్కేసుకోండి. చికెన్ సెంటర్ మర్చిపొమ్మనండి, 10 కిలోమీటర్ల లోపు పక్షులు మూగేలా కోయడం, చెత్త పారేయడం విమాన నిబంధనల ప్రకారం కుదరదు. గద్ద ఇంజిన్‌లో పడితే అయిపోయినట్టే కదా.

↳ మా అమ్మమ్మ వాళ్ళది బేగంపేట ప్రకాశ్‌నగర్. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్ పోయేదాకా సీరియల్లో సగం డైలాగులు పెదాలు చూసే అర్థం చేసుకునేవాళ్ళం 😀 కిటికీలకి డబుల్ గ్లాస్ వేస్తే కొంత నయమే, కానీ మూసుంచాలి, ఎండాకాలం కరెంట్ పోతే చూడాలి మీ అవస్థ.

↳ థాంక్స్ అన్నా. అడ్వాన్స్ ఇయ్యలే ఇంకా. జూలైలో రాత్రి రెండింటికి అమ్మను తీస్కపోయి అక్కడ్నే నిలబడ్త. తమ్మునికి మాత్రం మీరే చెప్పాలె, నా మాట ఇనడు.