ఆర్టెటా: ఐదున్నరేళ్ళు, వరసగా మూడోసారి రెండో ప్లేసు. ఇంకెంత టైం ఇవ్వాలబ్బా?

అలిపిరి గన్నర్
నిన్న రాత్రితో ఇంగ్లీష్ ప్రీమియర్ లీగ్ 2024-25 సీజన్ అయిపోయింది. లివర్‌పూల్ 84 పాయింట్లు, మన ఆర్సెనల్ 74. పొద్దున్నుంచి మన తిరుపతి ఆర్సెనల్ గ్రూపులో ఒకటే గోల, మన కోచ్ ఆర్టెటాని పీకేయాలంట. వాట్సాప్‌లో స్టిక్కర్లు తప్ప మాటలు రావు ఎవురికీ, అందుకే ఇక్కడ పెడతా ఉండా.

ఆయన వచ్చింది 2019 డిసెంబర్లో. అప్పుడు టీం ఎట్లుండిందో గుర్తుందా? నవంబర్లో అంతకుముందు కోచ్ ఎమెరీని తీసేసినారు. దానికి నెల ముందు కెప్టెన్ జాకాని సొంత స్టేడియంలో సొంత జనమే అరిచి కూతలేస్తే జెర్సీ విప్పుకుంటా లోపలికి పోయినాడు. ఆ జాకానే ఆర్టెటా 2023 దాకా ఆడించినాడు, అదే జనం చేత పాట కూడా పాడించినాడు. పాయింట్లు చూడండి, 56, 61, 69, 84, 89, 74. ఎనిమిది, ఎనిమిది, ఐదు, ఆనాక మూడు సార్లు రెండు. 2004 తర్వాత లీగ్ రాలేదు, నిజమే. కానీ మధ్యలో ఎన్ని సార్లు దాని దగ్గరికన్నా పోయినాం? ఇప్పుడు మారిస్తే మళ్ళా మొదటికే వస్తాం. ఒప్పుకోనోళ్ళు కారణం చెప్పండి, ఊరికే తిట్టద్దు.

రేణిగుంట రెడ్
మా లివర్‌పూల్‌కి కోచ్‌గా స్లాట్ దొరికినాడు, నేరుగా దర్శనం. మీరు సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లో 21 ఏళ్ళుగా కూర్చోనుండారు. ఉప్మా తినండి.

చిత్తూరు సిటీ
తోతాపురి అంటు నాటితే నాలుగో ఏడో ఐదో ఏడో కాపుకొస్తాది. రాకుంటే మా నాయన కొట్టేసి పొయ్యిలో పెడతాడు.

అలిపిరి గన్నర్
@చిత్తూరు సిటీ, మొదటి మూడేళ్ళు పూత వస్తే మీ నాయనే తుంచేస్తాడు కదా, చెట్టు బలపడాలని. అది కూడా చెప్పు మరి.

చిత్తూరు సిటీ
తుంచేది పూత. మీవోడు ఏప్రిల్ వచ్చేసరికి కాయలే రాలగొడతా ఉండాడు.

ఒకటో నంబర్
నాది ఒకే ప్రశ్న. మన గోల్‌కీపర్‌గా ఉండిన రామ్స్‌డేల్ ఏం తప్పు చేసినాడు?

2022-23లో 38కి 38 మ్యాచ్‌లు ఆడినాడు లీగ్‌లో. ఆ ఏడు ఏప్రిల్ దాకా మనమే టాప్‌లో ఉండాం, వెనక డిఫెండర్ సాలిబా నడుం పట్టేసి మార్చిలోనే పడిపోయినాక కదా ఆ లివర్‌పూల్ 2-2, వెస్ట్ హామ్ 2-2, సౌతాంప్టన్ 3-3 అన్నీ వచ్చింది. గోల్‌కీపర్ వల్ల కాదు. మే నెలలో పిలిచి కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టించుకున్నారు, ఆగస్టులో బ్రెంట్‌ఫర్డ్ నుంచి ఇంకో గోల్‌కీపర్ రాయాని లోన్‌లో తెచ్చినారు, సెప్టెంబర్లో ఎవర్టన్ మ్యాచ్‌కి బెంచీ మీద కూర్చోబెట్టినారు. నాలుగు నెలలు. ఇదేనా మీరు చెప్పే ప్రాసెస్?

అలిపిరి గన్నర్
అన్నా, రాయా వచ్చిన ఏడు 16 క్లీన్ షీట్లు, అంటే ఒక్క గోలూ పడని మ్యాచ్‌లు, అవి అందరికంటే ఎక్కువున్నోడికిచ్చే గోల్డెన్ గ్లోవ్. ఈ ఏడు 13, ఫారెస్ట్ గోల్‌కీపర్ సెల్స్‌తో కలిసి మళ్ళా గోల్డెన్ గ్లోవ్. పోయినేడు లీగ్ మొత్తంలో మనకి పడింది 29 గోల్స్. ఇంకేం కావాలి? ఇప్పటి ఆటలో గోల్‌కీపర్ అంటే పదకొండో ఆటగాడు. వెనక్కి బాల్ ఇస్తే కాలితో ఆపి, తల ఎత్తి చూసి, ఇద్దరి మధ్యలోంచి పాస్ ఇయ్యాల. పైకి తన్నేసి దండం పెట్టుకునే కాలం అయిపోయింది.

ఒకటో నంబర్
నేనడిగింది రాయా మంచోడా చెడ్డోడా అని కాదు. రామ్స్‌డేల్ తప్పు ఏంది అని. జవాబు రాలా.

మిడ్‌నైట్ హాస్టల్
అన్నలూ, ఈ సీజన్ పోయింది గోల్‌కీపర్ వల్ల కాదు కదా? డిసెంబర్లో సాకా తొడ కండరం, జనవరిలో జెసూస్ మోకాలు, ఫిబ్రవరిలో హావెర్ట్జ్. ముందర ఆడేవాళ్ళే లేరు, మిడ్‌ఫీల్డర్ మెరీనోని తీసుకుపోయి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. ఆటగాళ్ళని కొనుక్కునే జనవరి విండోలో ఒక్కర్ని కూడా కొనలేదు. 14 డ్రాలు! అందులో నాలుగైదు గెలిచినా కథ వేరేగా ఉండేది. సీజన్ మొదట్లో రైస్, ట్రోస్సార్డ్, సాలిబా వరసగా రెడ్ కార్డులు తెచ్చుకున్నారు, ఆ మూడు మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. చాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్‌ని ఇక్కడ 3-0, అక్కడ 2-1 కొట్టిన టీమే పీఎస్‌జీ మీద రెండు లెగ్గుల్లోనూ ఓడిపోయింది, ఎందుకంటే గోల్ కొట్టేవాడు లేడు. ఆ రెండో లెగ్ నేను దుప్పటి కప్పుకొని ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని చూశా, రెండో చెవి వార్డెన్ కోసం. నా ప్రశ్న ఆర్టెటా ఉండాలా పోవాలా అని కాదు, స్ట్రైకర్‌ని ఎందుకు కొనలేదు అని.

రేణిగుంట రెడ్
డబ్బుల్లేక కాదు కదమ్మా. రైస్ ఒక్కడికే 105 మిలియన్ పౌండ్లు పోసినారు. మేము పోయిన ఎండాకాలం ఆడించడానికి తెచ్చుకుంది కియేసా ఒక్కడినే, కప్పు మాదే. ఇంక మా పాత కోచ్ క్లాప్ సంగతి. ఆయన 2015 అక్టోబర్లో వచ్చినాడు, 2019కి చాంపియన్స్ లీగ్, 2020కి 99 పాయింట్లతో లీగ్. ఐదేళ్ళు నిండలా. మీవోడికి 2020 ఎఫ్ఏ కప్ తప్ప ఏముంది చెప్పుకోను?

అలిపిరి గన్నర్
మాంచెస్టర్ యునైటెడ్‌కి ఫెర్గూసన్ కోచ్‌గా వచ్చింది 1986 నవంబర్లో. మొదటి లీగ్ 1993లో. ఆరున్నరేళ్ళు. మధ్యలో ఒకేడు 13వ ప్లేసు కూడా. అప్పుడు ఇట్లాంటి గ్రూపులుంటే ఆయన్ని కూడా పంపించేసుండేవాళ్ళు.

చిత్తూరు సిటీ
ఓడిపోయిన ప్రతివోడూ ఫెర్గూసన్ పేరు చెప్పుకుంటాడు. లక్షమంది చెప్పుకున్నారు, ఒక్కడే ఫెర్గూసన్.

ఒకటో నంబర్
ఫెర్గూసన్ వద్దు క్లాప్ వద్దు. ఆర్టెటా పద్ధతి చూడండి. ఓజిల్‌ని 25 మంది లిస్టులోంచే తీసేసినాడు, జీతం ఇస్తా ఇంట్లో కూర్చోబెట్టినాడు. ఆబమెయాంగ్, అదే ఎఫ్ఏ కప్ ఫైనల్లో చెల్సీ మీద రెండు గోల్స్ కొట్టి కప్పు చేతికిచ్చినోడు, అమ్మకి బాగలేదని పోయి లేటుగా వచ్చినాడని కెప్టెన్సీ పీకేసినాడు, రెండు నెలలు తిరక్కుండా బార్సిలోనాకి పోయినాడు. ఆనాక రామ్స్‌డేల్. పనైపోతానే ఆకు తీసి పారేసినట్టు. సరే, ఇంతమందిని పారేసి లీగ్ అన్నా తెచ్చినాడా అంటే అదీ లేదు. గెలిస్తే సరే, గెలవకపోతే వీళ్ళకి జవాబు ఎవురు చెప్పాల?

అలిపిరి గన్నర్
ఆబమెయాంగ్ లేటుగా వచ్చింది అదొక్కసారే అనుకుంటా ఉండావా అన్నా. రూల్ అంటే అందరికీ రూల్. అయినా నీ రామ్స్‌డేల్ ఈ సీజన్ యాడ ఆడినాడు? సౌతాంప్టన్లో. 38 మ్యాచ్‌లకి 12 పాయింట్లు, అందరికంటే అడుగున దిగిపోయినారు. అంత గొప్పోడైతే నిలబెట్టుండచ్చు కదా వాళ్ళని. కొందరికి తమ టైం అయిపోయిందని ఎవురు చెప్పినా ఎక్కదు.

ఒకటో నంబర్
ఇదిగో. వచ్చింది బయటికి. "కొందరికి" అంటే ఎవురికిరా?

చదివేవాళ్ళకి తెలీదు కాబట్టి నేనే చెప్తా. ఈ అలిపిరి గన్నర్ అనే పెద్దమనిషి మా ఆదివారం టీంకి రెండేళ్ళుగా కెప్టెన్. యూనివర్సిటీ గ్రౌండ్లో ఆడతాం. నేను 14 ఏళ్ళు ఆ టీంకి గోల్‌లో నిలబడినా. రెండు గోల్‌పోస్టుల నెట్లు నా స్కూటర్ ముందరే పెట్టుకొని తెచ్చి, ఆట అయినాక విప్పుకొని పోయేది నేనే. కుక్కలు చింపితే నైలాన్ దారంతో కుట్టేది కూడా నేనే. సంక్రాంతి టోర్నమెంట్ ఫైనల్ రోజు పొద్దున 6:10కి గ్రూపులో లిస్ట్ పెట్టినాడు. నేను అప్పటికే గ్లౌజులు తొడుక్కొని గ్రౌండ్లో ఉండా, ఒక చెయ్యి గ్లౌజు పళ్ళతో పీకి ఫోన్ చూసుకున్నా. గోల్‌కీపర్ అని ఇంకో పిల్లోడి పేరు. నా పేరు యాడుందో తెలుసా? అడుగున. "నీళ్ళు, నెట్లు: అన్న".

పేరు కూడా కాదు. అన్న.

రేణిగుంట రెడ్
ఓరి దేవుడా.

చిత్తూరు సిటీ
నేను మామిడికాయల గురించే మాట్లాడుంటే బాగుండు.

అలిపిరి గన్నర్
ఇది ఇక్కడ పెట్టాల్సిన మాటేనా అన్నా? సరే, నువ్వే పెట్టినావు కాబట్టి నేనూ చెప్తా. అంతకుముందు రెండు సంక్రాంతులు ఫైనల్ దాకా పోయి ఓడిపోయినాం, రెండు సార్లూ గోల్‌లో నువ్వే. రెండోసారి మన డిఫెండర్ మెల్లిగా వెనక్కిచ్చిన బాల్ నీ కాలు కింద నుంచి పోయింది. ఎవురన్నా ఒక మాట అన్నారా నిన్ను? నేనే అననీయలా. ఆరు నెలలు సాయంత్రం పూట పాస్‌లు ప్రాక్టీస్ చేద్దాం రా అంటే, "గోల్‌కీపర్‌కి చేతులుండాయి చాలు" అన్నావు. ఆ పిల్లోడికి 19 ఏళ్ళు, రెండు కాళ్ళతో ఆడతాడు. మన పాత కోచ్ వెంగర్ తీయలేదా? 2006లో పారిస్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్లో గోల్‌కీపర్ లేమన్‌కి రెడ్ కార్డ్ పడితే ఎవుర్ని తీసినాడు, పిరెస్‌ని. ఆయనకి ఆర్సెనల్లో అదే ఆఖరి మ్యాచ్. పిరెస్ ఏం తప్పు చేసినాడు చెప్పు?

ఒకటో నంబర్
పిరెస్‌ని 20వ నిమిషంలో, స్టేడియం మొత్తం చూస్తా ఉంటే, బోర్డు ఎత్తి, నంబర్ చూపించి తీసినారు. వాట్సాప్‌లో కాదు.

మిడ్‌నైట్ హాస్టల్
😶

అలిపిరి గన్నర్
నీకు చెప్దామని నేను రెండు సార్లు మీ ఇంటికొచ్చినా. మొదటిసారి వదిన దోశలు పోసింది, కారం పూసి. తిన్నా, వచ్చేసినా. రెండోసారి వస్తే నువ్వు వసారాలో కూర్చొని ఆ నెట్ కుడతా ఉండావు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారినాయి, దారం పళ్ళతో కొరకతా ఉండావు. ఏం చెప్పమంటావు అప్పుడు? గేటు కాడి నుంచే తిరిగిపోయినా.

ఒకటో నంబర్
దోశ తినను నోరొచ్చింది, చెప్పను రాలేదా?

బెంచీ మీద కూర్చోమంటే కూర్చునేవాణ్ణి రా. నాకు 41, నాకు తెలీదా నా మోకాలు ఎట్లుందో? వంగితే లేచేదానికి గోల్‌పోస్టు పట్టుకుంటా ఉండా. ఆ పిల్లోడికి ఎగిరేటప్పుడు మోచేయి లోపలికి పెట్టుకోవాలని నేర్పింది నేను, అడుగు వాణ్ణి. "అన్నా, ఈసారి వాడు ఆడతాడు" అని నాలుగు ముక్కలు మొఖం మీద చెప్పుంటే నేనే నా గ్లౌజులు వాడికి తొడిగుండేవాణ్ణి. నీకు కప్పు కావాల, అది సరే. మా టీంకి కప్పొద్దని నేను ఎప్పుడన్నా అన్నానా? కానీ నువ్వు మనిషిని తీసేటప్పుడు తల పక్కకి తిప్పుకొని తీస్తావు. ఆర్టెటాని నువ్వు ఇంత వెనకేసుకొస్తా ఉండేది ఆయన కోసం కాదు.

అలిపిరి గన్నర్
నేను పక్కకి తిప్పుకున్నానా? ఫైనల్ పెనాల్టీల్లో పోయినాక అందరూ మ్యాచ్ అయిపోతానే బైకులెత్తుకొని పోయినారు, ఆ పిల్లోడు ఏడస్తా కూర్చుంటే వాడి పక్కన కూర్చున్నది నేను. నువ్వేం చేసినావు? నెట్లు విప్పుకొని ఒక్క మాట లేకుండా పోయినావు. ఒకవైపు నెట్ విప్పే టైంకి మేము ఇంకా ఆ గోల్‌లోనే కూర్చోనుండాం, మా నెత్తి మీద నుంచి పీక్కొని పోయినావు!! అదేం పద్ధతి? నాలుగు నెలలు దాటింది, మొన్న గంగమ్మ జాతరలో ఎదురొస్తే బండ వేషం కట్టినోడి కంటే ఎక్కువ తిట్టినావు, పక్కన మా అత్తగారుండింది.

ఒకటో నంబర్
జాతరలో తిడితే పుణ్యం.

మోడరేటర్
ఇది ఆర్టెటా టాపిక్. మీ టీం గొడవ తీసుకుపోయి వేరే టాపిక్‌లో పెట్టుకోండి, లేదా ఎదురుగా కూర్చొని మాట్లాడుకోండి, ఇద్దరూ ఒకే ఊరోళ్ళే అని మీ పోస్టుల్లోనే తెలిసిపోతా ఉంది. ఇంకొక్క తిట్టు పడితే లాక్ చేస్తా.

రేణిగుంట రెడ్
లాక్ చేయద్దు సార్, ఈ సీజన్లో ఆర్సెనల్ ఆడిన మ్యాచ్‌లన్నిటికంటే ఇదే బాగుంది.

మిడ్‌నైట్ హాస్టల్
స్ట్రైకర్ గురించి అడిగాను, ఎవరైనా చదివారా అసలు? ఈ సమ్మర్‌లో కొంటారా కొనరా?

అలిపిరి గన్నర్
కొంటారు చెల్లీ, కొనక తప్పదు. ఈసారి కూడా కొనకపోతే అప్పుడు నేనే వచ్చి పీకేయండి అంటా, రాసిపెట్టుకో.

@ఒకటో నంబర్, ఆ పిల్లోడికి హోసూర్లో ఉద్యోగం వచ్చింది. జూన్ 1 ఆదివారం ఆడి పోతాడంట. ఆనాక గోల్‌లో ఎవురూ లేరు. లిస్ట్ ఇంకా పెట్టలా.

చిత్తూరు సిటీ
జనవరి విండోలో కొనకపోతే ఇట్టే ఉంటాది.

ఒకటో నంబర్
నెట్లు మా ఇంట్లోనే ఉండాయి. కావాల్సినోళ్ళు వచ్చి తీసుకపోవచ్చు, ఎడమవైపుది ఇంకా కుట్టలా. వచ్చేవాళ్ళు గేటు కాడి నుంచి తిరిగిపోకుండా లోపలికి రావాల. దోశలు మాత్రం ఉండవు.

రామ్స్‌డేల్ ఏం తప్పు చేసినాడో ఇంతవరకూ ఎవురూ చెప్పలా.