రష్యన్ ‘మోజ్గ్’ మన ‘మజ్జ’ నుంచి పుట్టిందా?

కజాన్_తెలుగోడు: రష్యాలో ఎంబీబీఎస్ రెండో ఏడు. తలలోది గలవ్నోయ్ మోజ్గ్, వెన్నుపాము స్పిన్నోయ్ మోజ్గ్, ఎముకల్లోది కోస్నీ మోజ్గ్. మెదడుకీ మూలుగకీ ఒకే పేరేంటి? పైగా ‘మెదడులో’ అంటే ‘వ్ మజ్గూ’ అనాలట. ‘వ్ మోజ్గె’ అన్నానని వైవాలో మేడమ్ మార్కులు కోసింది. ఇంతకీ మోజ్గ్, మజ్జ ఒకటేనా?

విశ్రాంత_ఉక్కు: సందేహమే లేదు బాబూ. మన మజ్జే అక్కడికి పోయి మోజ్గ్ అయింది. విశాఖ ఉక్కు కట్టేటప్పుడు సోవియట్ ఇంజనీర్లతో పనిచేశాను. మా ‘అగోన్’ మీ అగ్నే అని వాళ్లే ఒప్పుకున్నారు. సంస్కృతం అన్నిటికీ తల్లి అని కలకత్తాలో జడ్జీగా ఉన్న విలియం జోన్స్ 1786లోనే చెప్పాడు.

నిక్కచ్చి: జోన్స్ అలా అనలేదండీ. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చాయని, ఆ మూలం బహుశా ఇప్పుడు లేదని అన్నాడు. పాత ఇరానీ భాష అవెస్తాలో ‘మజ్గ’, పారశీకంలో ‘మగ్జ్’. పాత ఇంగ్లీషులో ‘మెఆర్గ్’, అదే ఇప్పటి ‘మారో’ (మూలుగ). అన్నిట్లో గకారం ఉంది. సంస్కృతంలోనే అది జకారమై, ముందున్న హల్లు దానిలో కలిసిపోయి ‘జ్జ’ అయింది. మజ్జనే అరువు తెచ్చుకుని ఉంటే రష్యన్లకు ఆ గకారం ఎక్కడ దొరికింది? మొదటి అర్థం మూలుగ. పుర్రె లోపలిదీ ఎముకలోని మెత్తని పదార్థమే కదా అని స్లావ్‌లు దానికీ ఆ పేరే పెట్టుకున్నారు.

ఇరానీ_చాయ్: మగ్జ్ అంటే మన హైదరాబాద్ మగజ్ మసాలానా, ఆ మెదడు కూర? ఆకలేస్తోంది.

విశ్రాంత_ఉక్కు: గకారం ఎక్కడ దొరికిందా? యుజ్ నుంచి యోగం, భుజ్ నుంచి భోగం. ‘చజోః కు ఘిణ్ణ్యతోః’ అని, కొన్ని ప్రత్యయాల ముందు చ, జలు క, గలవుతాయని, పాణిని సూత్రమే ఉంది. చదువుకుని మాట్లాడు.

ప్రాగ్_పద్మ: తమ్ముడూ, వైద్య పుస్తకాల్లో ‘వ్ గలవ్నోమ్ మోజ్గె’ బోలెడుసార్లు కనిపిస్తుంది, కంగారుపడకు. ‘మజ్గూ’లో ఉన్నది కొన్ని మాటలకే మిగిలిన పాత సప్తమి, ‘వ్ లెసూ’ (అడవిలో) లాగా. సెర్బియన్‌లో మోజక్, షష్ఠిలో మోజ్గా, మధ్య అచ్చు మాయం. స్లొవేనియన్‌లో అయితే మెదడు ఎప్పుడూ బహువచనమే, ‘మోఝ్గానీ’. తెలివి తక్కువవాడిక్కూడా!

నిక్కచ్చి: ఆ సూత్రం సంస్కృతం లోపలి సంగతి. యోగంలో గకారమే పాతది, యుజ్‌లో జకారం తర్వాత వచ్చింది. మీ ఉదాహరణ నా మాటనే నిలబెడుతోంది.

విశ్రాంత_ఉక్కు: పాణిని కన్నా నీకెక్కువ తెలుసన్నమాట!

నిక్కచ్చి: పాణినితో నాకు పేచీ లేదు. బడిలో నేను ‘మెదడు’ అని రాస్తే మాస్టారు కొట్టేసి ‘మస్తిష్కం’ అని దిద్దారు. నాకు మంట అక్కడ. తెలుగు సంస్కృతానికి కూతురు కాదని మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఎల్లిస్ దొర 1816లోనే చూపించాడు. అయినా మీరంతా మోజ్గ్ ఎవరి బిడ్డ అని కొట్టుకుంటారే కానీ, మెదడు కన్నడ మెదుళుకు తోబుట్టువని ఒక్కరూ అనరు. తమిళంలో ‘మూళై’ అంటే మెదడూ మూలుగా రెండూను, అచ్చం రష్యన్‌లాగే. మన మూలుగ దానికి చుట్టమే. ఇది మాత్రం ఎవరికీ గొప్పగా అనిపించదు.

విశ్రాంత_ఉక్కు: నీకు మాస్టారి మీద కోపం, తీర్చుకునేది నా మీద. నా మనవడు డల్లాస్‌లో పుట్టాడు. తెలుగు అంటే మొహం తిప్పుకుంటాడు. రష్యావాళ్లు కూడా మన మాటే వాడుతున్నారంటే ఒక్క నిమిషం ఆగి విన్నాడు. దానికీ అడ్డమేనా?

నిక్కచ్చి: వినడం కోసం అబద్ధం చెప్పాలా అండీ? రెండూ ఒక తల్లి బిడ్డలంటే వినడా?

ప్రాగ్_పద్మ: మూళై సంగతి చెప్పండి బాబాయ్ గారూ, వింటాడు.

విశ్రాంత_ఉక్కు: చెబుతానమ్మా. కానీ ఆ గకారం సంగతి తేలేదాకా నేను ఇక్కడే ఉంటా.