అప్‌డేట్: ఫ్లెక్స్ షాపు పని సీవీల పెట్టిన, ఇంటర్వ్యూకు పిలిచిన్రు

పోయినసారి అడిగిన గదా, నల్గొండల ఫ్లెక్స్ షాపుల చేసిన పని డిజైన్ ఉద్యోగం సీవీల రాయాల్నా, దాచిపెట్టాల్నా అని. మీరందరు రాయమన్నరు, రాసిన. ఊకె డిజైనర్‌గా చేసిన అని కాకుండ, పోచంపల్లి చీరల దుకాణానికి బాక్సు డిజైన్ చేసిన, సీఎంవైకేల (ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతి) ఫైల్ పెట్టి 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోసినంక తెల్ల అంచు కనపడకుండ బయటికి పెంచే డిజైన్) ఇచ్చి ప్రింటింగ్ అయ్యేదాక దగ్గరుండి చూసుకున్న అని మొత్తం పెట్టిన. హైదరాబాద్ల ఒక ప్యాకేజింగ్ స్టూడియోవాళ్లు ఇంటర్వ్యూల ఎక్కువసేపు ఆ బాక్సు మీదనే అడిగిన్రు, డై లైన్ (బాక్సు ఏడ కొయ్యాలె, ఏడ మడవాలె అని చూపే గీతలు) ఎవరు గీసిన్రు, మడత కాడ ఇకత్ డిజైన్ ఎట్ల కలిపినవ్ అని.

సీవీల ఫోటోషాప్ 90 శాతం, ఇల్లస్ట్రేటర్ 80 శాతం వచ్చు అని చూపే గీతలు తీసేసిన, ఎవరు కొలిచిన్రని అవి! పోర్ట్‌ఫోలియో (చేసిన డిజైన్ల నమూనాలు) లింకు పేరు కిందనే ఉంది ఇప్పుడు.

మీలో ఒక అన్న చెప్పింది మస్తు పనికొచ్చింది: ప్రింటుకు పంపినట్టు సీవీల అక్షరాలు కర్వ్స్ చెయ్యొద్దు (అంటే అక్షరాలను బొమ్మ గీతలుగ మార్చొద్దు), పీడీఎఫ్‌ల టెక్స్ట్ సెలెక్ట్ కాకపోతే కంపెనీల సాఫ్ట్‌వేర్ సరిగ్గ చదవదు అని. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ల పనిచేసెటోళ్లకు ఆ అలవాటు చేతికే ఉంటది, జర చూస్కోన్రి.

ట్రయల్ టాస్క్ ఇచ్చిన్రు, సోమవారం లోపు పంపాలె. జీతం మాట ఇంకా రాలే.