1:4 అంటే సిమెంటు నాలుగో వంతు కాదా? పిల్లకి ఎలా చెప్పాలి

కేఆర్‌పురం అమ్మ: మా పాప ఏడో తరగతి. నిష్పత్తి లెక్కలంటే రోజూ ఏడుపే. సిమెంటు, ఇసుక 1:4లో కలిపి మొత్తం 30 తట్టలు అయితే సిమెంటు ఎన్ని తట్టలు? నాలుగో వంతని ఏడున్నర వేసింది. ఎదురింట్లో ప్లాస్టరింగు జరుగుతోంది, చూపించి చెబుదామంటే నాకే తడబాటు.

లెక్కల మాస్టారు: 'దేనిలో వంతు?' అని అడగండమ్మా. ఇసుకలో నాలుగో వంతే, మొత్తంలో మాత్రం ఐదో వంతు. 30ని 5తో భాగిస్తే సిమెంటు 6, ఇసుక 24. దోసెలకి ఒకటికి మూడు నానబోస్తారుగా, ఆ గ్లాసులే లెక్కపెట్టించండి.

సైట్ సూపర్‌వైజర్, వైట్‌ఫీల్డ్: ఇక్కడ బెంగళూరులో కంకరని జల్లి, తట్టని బాండ్లి అంటారు, పాపకి చెప్పండి. పుస్తకం నమ్మి నేను దెబ్బతిన్నాను. కొత్తలో 1:2:4కి (సిమెంటు, ఇసుక, కంకర) ఏడు పాళ్లు పోస్తే ఏడు పాళ్ల కాంక్రీటు వస్తుందని సరుకు తెప్పించా. స్లాబు సగంలో ఆగింది, తిట్లు తిన్నా. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు దూరిపోతాయి. అందుకే ఒక ఘనపు మీటరు కాంక్రీటుకి పొడి సరుకు 1.54 ఘనపు మీటర్లు పట్టుకుంటాం. 1:1.5:3 అయితే మొత్తం 5.5 పాళ్లు. 1.54ని 5.5తో భాగిస్తే సిమెంటు 0.28 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు సిమెంటు 1440 కిలోలు తూగుతుంది, దాంతో గుణిస్తే 403 కిలోలు, అంటే ఎనిమిది బస్తాలు.

కేఆర్‌పురం అమ్మ: అయ్యో, ఇది వింటే పరీక్షలోనూ ఇదే రాస్తుంది!

లెక్కల మాస్టారు: పరీక్షలో సందులుండవు, భయపడకండి. ఇంకోటి ఇవ్వండి: 1:6లో కలిపినవి 28 తట్టలున్నాయి, 1:4 కావాలంటే ఎంత సిమెంటు కలపాలి? మారనిదేదో ముందు పట్టుకోమనండి.

కేఆర్‌పురం అమ్మ: చేసేసింది! ఇసుక 24 మారదు, సిమెంటు 4 కాస్తా 6 కావాలి, కాబట్టి 2 తట్టలు. ఇప్పుడు కిటికీ దగ్గర కాపలా. 'అమ్మా, మేస్త్రీ నాలుగు కాదు, ఐదు వేశాడు' అని గొడవ.

సైట్ సూపర్‌వైజర్, వైట్‌ఫీల్డ్: రాత్రి వాన పడిందిగా? ఇసుక కొంచెం తడిస్తే ఉబ్బుతుంది, ఒక్కోసారి పావు వంతు దాకా. నాలుగు పొడి తట్టలు ఐదు తడి తట్టలవుతాయి. మేస్త్రీని తిట్టేముందు ఇసుక పట్టుకుని చూడమనండి.