712 నంబరుకి నిమిషానికి సెంటా? మాది అన్‌లిమిటెడ్ ప్లాన్ కదా!

గోదారబ్బాయి, డల్లాస్:
మా నాన్నగారు రోజూ పొద్దున ఫోన్లో జరిగే గీతా పారాయణంలో చేరతారు. నంబరు 712తో మొదలవుతుంది, అంటే అయోవా. ఈ నెల బిల్లులో ఆ ఒక్క నంబరుకే నిమిషానికి సెంటు చొప్పున వేశారు. అమెరికాలోపలి కాలే కదండీ? పైగా ఆ గ్రూపులో అయోవా వాళ్లు ఒక్కరూ లేరు, అందరూ న్యూజెర్సీ!

పప్పుచారు:
అయోవాలో ఉన్నది మనుషులు కాదు గురూ, కాన్ఫరెన్స్ బ్రిడ్జి, అంటే అందరి కాల్స్‌నీ ఒకచోట కలిపే యంత్రం. ఎక్కడో పల్లెటూరి ఎక్స్ఛేంజిలో పెట్టి ఉంటుంది. మా ప్రేయర్ లైన్‌ది 605, సౌత్ డకోటా. అదీ ఇదే బాపతు.

ట్రంక్‌కాల్:
నేను ఒక ఫోన్ కంపెనీలో రూటింగ్, అంటే కాల్ ఏ దారిన పోవాలో చూసే పని చేస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1984 జనవరి 1న ఏటీ అండ్ టీని విడగొట్టినప్పుడు ఊళ్లోపలి ఫోన్లు ఒకరికి, దూరపు కాల్స్ ఇంకొకరికి పోయాయి. దేశాన్ని లాటాలు అనే ప్రాంతాలుగా విభజించారు. దూరపు కంపెనీకి మీ ఇంటిదాకా వైరు ఉండదు. లాటాలో ఒకచోట తన పరికరాలు పెట్టుకుని, అక్కణ్ణుంచి టాండెమ్ అనే పెద్ద స్విచ్‌కి ట్రంకులు (చాలా కాల్స్ మోసే లైన్లు) వేసుకుంటుంది. టాండెమ్ నుంచి ఊరి ఎక్స్ఛేంజికి, అక్కణ్ణుంచి ఇంటికి. టాండెమ్‌కి కొంత, మధ్యలో లైనుకి కొంత, చివరి ఎక్స్ఛేంజికి కొంత, నిమిషాల లెక్కన దూరపు కంపెనీయే కట్టుకోవాలి. దాన్నే యాక్సెస్ చార్జి అంటారు.

పట్నాల్లో ఇది సెంటు కూడా ఉండేది కాదు. పల్లెల్లో ఇళ్లు తక్కువ, వైరు పొడుగు, కాబట్టి నిమిషానికి కొన్ని సెంట్లు ఉండేది. కాల్స్ తక్కువే వస్తాయన్న అంచనా మీద కట్టిన రేటు అది. అక్కడే బ్రిడ్జి పెట్టి లక్షల నిమిషాలు రప్పిస్తే? వచ్చినదాంట్లో బ్రిడ్జి వాళ్లకి వాటా. మాట్లాడేవాళ్లకి ఫ్రీ, బిల్లు మీ ఫోన్ కంపెనీకి. మా ఆఫీసు భాషలో ట్రాఫిక్ పంపింగ్.

పప్పుచారు:
2006లో ఒక అయోవా నంబరుకి చేస్తే విదేశాలకి ఫ్రీగా కలిపేవాళ్లు, గుర్తుందా? ఏటీ అండ్ టీ కోర్టుకెళ్లింది, 2007 మొదట్లోనే మూతపడింది.

ట్రంక్‌కాల్:
అదీ ఈ డబ్బుతో నడిచిందే. 2009లో గూగుల్ వాళ్ల ఫోన్ సర్వీసు గూగుల్ వాయిస్ ఇలాంటి నంబర్లకి కాల్స్ ఆపేసింది. మాకు కుదరనిది వాళ్లకెలా కుదిరిందని ఏటీ అండ్ టీ గొడవ చేస్తే, మాది ఫోన్ కంపెనీ కాదు, ఇంటర్నెట్ అప్లికేషన్ అంది గూగుల్. తెలివైన జవాబే, కానీ కాల్ చివరికి దిగేది అదే ఎక్స్ఛేంజిలో కదా!

అట్లాంటా అత్తయ్య:
మా ఇంట్లో ఇంటర్నెట్ ఫోను. అయోవాలో ఒక పల్లెలో ఉన్న మా అక్కకి చేస్తే నాకు రింగు వినిపిస్తుంది. అక్కడ ఫోనే మోగదట! మా ఇద్దరికీ ఇదే టెన్షన్. దీనికీ దానికీ సంబంధముందా బాబూ?

ట్రంక్‌కాల్:
ఉందండి. మీ కాల్ ఇంటర్నెట్‌లో కొంత దూరం వచ్చి, ఒక గేట్‌వే దగ్గర మామూలు టెలిఫోన్ నెట్‌వర్క్‌లోకి దిగుతుంది. మీ కంపెనీ దాన్ని చవగ్గా మోసేవాడికి అప్పజెబుతుంది. వాడు ఇంకొకడికి, ఆ ఇంకొకడు మరొకడికి. పల్లెకి చేర్చాలంటే చార్జీ ఎక్కువ కాబట్టి మధ్యలో ఎవడో కాల్‌ని వదిలేస్తాడు, మీకు మాత్రం ఉత్తుత్తి రింగు వినిపిస్తాడు. అలా ఉత్తుత్తి రింగు వినిపించడాన్ని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2013లోనే నిషేధించింది. తేదీ, టైము, మీ అక్కగారి నంబరు రాసి కంపెనీకి ఫిర్యాదు పెట్టండి, రూటు మార్చమనండి. ఊరికే "కాల్ కలవట్లేదు" అంటే మోడెమ్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు.

గోదారబ్బాయి, డల్లాస్:
ఈ చార్జీలు ఎత్తేశారని ఎక్కడో చదివానే?

ట్రంక్‌కాల్:
సగం నిజం. 2011లో ఎఫ్‌సీసీ సంస్కరణ తెచ్చింది. చివరి ఎక్స్ఛేంజి చార్జీ ఏటేటా తగ్గి సున్నాకొచ్చింది. టాండెమ్, లైను చార్జీలు మిగిలాయి, దాంతో ఆట అక్కడికి మారింది. 2019 సెప్టెంబరులో, ఇలా కాల్స్ రప్పించే ఊరి కంపెనీలే ఆ ఖర్చు కూడా భరించాలని ఎఫ్‌సీసీ తేల్చింది. మీకు పడిన సెంటు ప్రభుత్వం వేసింది కాదు. మీ ప్లాన్ షరతుల్లో ఎక్కడో ఉంటుంది, చూడండి.

కూకట్‌పల్లి కుర్రాడు:
మన దగ్గర 2021 జనవరి 1 నుంచి దేశంలోపలి కాల్స్‌కి ఒక కంపెనీ ఇంకో కంపెనీకి కట్టేది సున్నా. విదేశాల నుంచి వచ్చే కాల్‌కి మాత్రం 2020లో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిమిషానికి 35 నుంచి 65 పైసల దాకా పెట్టింది. బోలెడు సిమ్‌లు పెట్టిన పెట్టెలతో నడిపే సిమ్‌బాక్సుల దందాకి ఈ తేడా ఒక కారణం. కాల్ ఇంటర్నెట్‌లో వచ్చి, ఇక్కడ లోకల్ సిమ్ నుంచి బయటికొస్తుంది. అమెరికా నుంచి అన్నయ్య చేస్తే ఎవరిదో ఇండియా నంబరు కనిపించిందంటే అనుమానించాల్సిందే.

పప్పుచారు:
గోదారబ్బాయి గారూ, యాప్‌లో చేరితే ఈ ఎక్స్ఛేంజిల గోలే ఉండదు కదా?

గోదారబ్బాయి, డల్లాస్:
నాన్నగారికి యాప్ అంటే పడదండీ, బటన్లు నొక్కితేనే ఆయనకి ఫోను. పారాయణం వాళ్లని అడిగితే వేరే రాష్ట్రం నంబరు కూడా ఉందన్నారు. రేపట్నుంచి దానికే.

పప్పుచారు:
మీటింగులో చేరడానికి నొక్కే యాక్సెస్ కోడ్ అదేనో కాదో అడిగి పెట్టుకోండి. మా ప్రేయర్ లైన్ నంబరు మార్చినప్పుడు సగం మంది వేరేవాళ్ల మీటింగులో తేలారు.