అప్‌డేట్: సేన దయ్యం వదిలినవాణ్ణి యేసు తన వెంట ఎందుకు రానివ్వలేదు?

మార్కు సువార్త 5వ అధ్యాయంలో ఒక మనిషిని పట్టిన ‘సేన’ అనే దయ్యాలు పందుల్లోకి పోనిమ్మని చేసిన మనవినీ, తమ ప్రాంతం విడిచి వెళ్లమన్న ప్రజల మనవినీ మన్నించిన యేసు, స్వస్థత పొందినవాడు వెంట వస్తానని బతిమాలితే మాత్రం ఎందుకు కాదన్నాడని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

7వ అధ్యాయం 31వ వచనం దాకా చదవమన్న సూచనతో ముడి వీడింది. సమాధుల్లో సంకెళ్లు తెంపుకుంటూ, రాళ్లతో తన్ను తాను గాయపరచుకుంటూ బతికిన ఆ మనిషినే, తనను పొమ్మన్న ప్రజల మధ్యకు ప్రభువు సాక్షిగా పంపాడు. అతడు దెకపొలి అనే పది పట్టణాల ప్రాంతంలో యేసు తనకు చేసినదాన్ని చాటాడు. యేసు మళ్లీ ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు జనులు ఒక చెవిటివాణ్ణి తీసుకొచ్చి, అతనిమీద చెయ్యి ఉంచమని వేడుకున్నారు. ఈ మార్పు అతని సాక్ష్యం వల్లేనని మార్కు నేరుగా చెప్పడు గాని, ఆ నిరాకరణలో నాకు కనికరమే కనిపిస్తోంది.