వరద నీళ్లలో దిగిన బండికి గేర్ బాక్స్, హౌసింగ్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

లంక_కొబ్బరి

అందరికీ నమస్కారం అండి. మాది పి.గన్నవరం వైపు లంక, కొబ్బరి తోట. కాయ దింపు అయ్యాక ఇవతలికి తోలడానికి బొలెరో పికప్ ఉంది. మొన్న వరద వస్తుందని తెలిసి, దింపిన కాయ అక్కడే ఉండిపోతే కొట్టుకుపోతుందని తొందరపడి, కాజ్‌వే మీద నీళ్లు ఎక్కాక కూడా బండి దాటించాం. వెనక చక్రం సగం పైనే మునిగింది, ఎదురుగా ట్రాక్టర్ వస్తే నీళ్లలోనే రెండు మూడు నిమిషాలు ఆగాల్సి వచ్చింది కూడా.

ఇవతల గట్టెక్కగానే డిప్‌స్టిక్ తీసి చూశాను. ఇంజినాయిల్ శుభ్రంగా ఉంది, ఫిల్టర్ పొడిగా ఉంది, ఇంక భయం లేదనుకున్నాను. పది రోజులు తిరిగేసరికి వెనక నించి సన్నగా మూలుగు మొదలైంది, 40 దాటితే బాగా వినబడుతోంది. రెండో గేరు కూడా పొద్దున్నే కాస్త పట్టేసినట్టుంటోంది. షెడ్డులో చూపిస్తే గేర్ బాక్స్‌లోనూ, హౌసింగ్‌లోనూ (వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే ఇనప డబ్బా) తొంభై ఆయిల్ పోసేస్తే సరిపోతుంది, బండి రెండు రోజులు వదిలెయ్యండి అన్నారు. మాకు బండి లేకపోతే రోజు గడవదు అండి. స్పానర్ల సెట్టు ఉంది, ఇంజినాయిల్ నేనే మార్చుకుంటాను, ఇదీ చెయ్యగలనా? రెండింటికీ ఒకటే ఆయిలా? ఏం కొనాలో, ఎలా మొదలెట్టాలో కాస్త వివరంగా చెప్పండి.

ఏటిగట్టు_డ్రైవర్

చెయ్యొచ్చు తమ్ముడూ, ఇంజినాయిల్ మార్చేవాడికి ఇది కష్టం కాదు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో, కింద బోల్టు విప్పే ముందు పక్కనున్న నింపే బోల్టు విప్పు. అది ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు, మన గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ముందు కింది బోల్టు విప్పి నూనంతా కార్చేసి, తర్వాత పైది రాకపోతే ఇంక ఆయిల్ పొయ్యడానికి దారి ఉండదు, బండి కదపడానికి వీల్లేదు. మా అన్న బండికి సరిగ్గా ఇదే జరిగింది, తోటలో మూడు రోజులు అలాగే ఉండిపోయింది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలెయ్. పైపు రెంచీ మాత్రం పెట్టకు, తల గుండ్రంగా అరిగిపోతుంది.

ఇంకోటి, పికప్ ఎత్తుగానే ఉంటుంది కాబట్టి జాకీ అవసరం లేదు, పడుకుని దూరిపోవచ్చు. జాకీ ఎత్తితే బండి వాలుతుంది, లెవెల్ తప్పు చూపిస్తుంది. తప్పదు అనుకుంటే నాలుగు వైపులా సమానంగా స్టాండ్ల మీద పెట్టాలి గానీ, జాకీ ఒక్కదాన్నీ నమ్మి కింద దూరకు. మన నేల మెత్తన, వర్షాల్లో అయితే మరీనూ, జాకీ కింద చెక్క వేసినా చూస్తుండగానే దిగబడిపోతుంది. సిమెంటు చప్టా ఉన్న చోట చేసుకో. రైసుమిల్లు వాళ్లని అడిగితే ఆదివారం కాదనరు.

రావులపాలెం_షెడ్డు

ఇరవై ఏళ్ల పైబడి ఇదే పనిలో ఉన్నాను, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నీళ్లు ఎలా వెళ్లాయో ముందు చెప్తాను. హౌసింగ్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది, లోపలి గాలి వేడెక్కి ఉబ్బితే బయటికి పోవడానికి. లోడుతో నడిచిన బండి హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. అది ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లని లోపలికి లాగుతుంది, బ్రీదర్ నించి అయినా, సీళ్ల అంచుల నించి అయినా. మీరు ఆగిన ఆ రెండు మూడు నిమిషాలే కొంప ముంచాయి. ఇంజిన్ బాగుంటే అన్నీ బాగున్నట్టే అని అందరూ అనుకుంటారు, కానీ ఇంజిన్ పైన ఉంటుంది, హౌసింగ్ చక్రం నడుమన ఉంటుంది, నీళ్లు ముందు చేరేది దానికే.

నీళ్లున్నాయో లేదో తెలుసుకోవాలంటే రాత్రంతా బండి కదపకుండా ఉంచి, పొద్దున్నే చల్లగా ఉండగా కింద బోల్టు కొంచెం వదులు చేసి చూడండి (నింపే బోల్టు వస్తుందని రూఢి చేసుకున్నాకే). నీళ్లు నూనె కన్నా బరువు, విడిగా ఉన్న నీళ్లు ముందు బొట్లు బొట్లుగా వస్తాయి. పది రోజులు తిరిగారు కాబట్టి మీకు చాలావరకు చిలికినట్టు కలిసిపోయి ఉంటుంది. నీళ్ల సంగతి లేకుండా మామూలుగా ఆయిల్ మార్చేటప్పుడైతే చల్లగా ఉండగా కాదు, ఓ పది కిలోమీటర్లు తిప్పి గోరువెచ్చగా ఉండగా దించాలి, అప్పుడే అడుగున ఉన్నదంతా వస్తుంది.

ఇక అసలు సంగతి. తొంభై ఆయిల్ అని రెండింట్లోనూ ఒకటే పొయ్యడం తప్పు. తొంభై అనేది చిక్కదనం నంబరు మాత్రమే. డబ్బా మీద జీఎల్-4 అనో జీఎల్-5 అనో ఉంటుంది చూడండి, అసలు తేడా అక్కడుంది. హౌసింగ్‌లో క్రౌను, పినియన్ అని ఇంజిన్ తిప్పుడుని చక్రాలకి మళ్లించే రెండు గేర్లుంటాయి, వాటి పళ్లు దొర్లడమే కాదు, ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర చిరిగిపోతుంది. అందుకే గంధకం, ఫాస్ఫరస్ మందులు ఎక్కువ కలిపిన జీఎల్-5 కావాలి. గేర్ బాక్స్‌లో గేర్లు కలవడానికి ఇత్తడి రింగులు ఉంటాయి, అవి రాసుకుని పట్టుకుంటేనే గేరు మెత్తగా పడుతుంది. జీఎల్-5 పోస్తే పట్టు తగ్గుతుంది, కొన్ని రకాలైతే ఇత్తడిని మెల్లగా తినేస్తాయి కూడా. దానికి ఎక్కువ బండ్లలో జీఎల్-4 చెప్తారు. మీ బండికి ఏది రాశారో మాన్యువల్లో చూసి అదే కొనండి, ఇంకొకరి బండిలో ఏం పోశారన్నది మీకు అనవసరం.

లెవెల్‌కి కొలత అక్కర్లేదు. బండి సమానంగా ఉన్నప్పుడు నింపే రంధ్రం కింది అంచు దాకా వచ్చి, సన్నగా బయటికి కారడం మొదలైతే నిండినట్టే. ఇంకాస్త ఎక్కువ పోస్తే మంచిదని బండి వాల్చి పొయ్యకండి, నురగ కట్టి సీళ్లలోంచి బ్రేకు డ్రమ్ముల్లోకి దిగుతుంది. ఆ నూనె పట్టిన బ్రేకు లైనర్లు ఇంక పనికి రావు. కొన్ని హౌసింగులకి కింద బోల్టే ఉండదు, వెనక కవరు మొత్తం విప్పాలి, అప్పుడు ప్యాకింగ్ ముందే కొని పెట్టుకోండి. రాగి వాషర్లు కూడా కొత్తవి వెయ్యండి.

పాలకొల్లు_సుమో

షెడ్డు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఆయిల్ దించేశాక హౌసింగ్‌లో లీటరు డీజిల్ పోసి, బండి ఎత్తి చక్రాలు తిప్పి కడిగేస్తే ఆ పాలలాంటిదంతా వచ్చేస్తుంది. మా నాన్న గారి కాలం నించీ ఇదే పద్ధతి.

పోసేటప్పుడు డబ్బా అక్కడ పట్టదు, నేను అరంగుళం ప్లాస్టిక్ పైపు ఒక కొస రంధ్రంలో పెట్టి, రెండో కొస పైన ట్రక్కు అంచుకి కట్టి గరాటు పెడతాను. ఆయిల్ డబ్బా అరగంట ఎండలో పెడితే చక్కగా దిగుతుంది. ఇక ఆ గేర్ ఆయిల్ వాసన, కుళ్లిన గుడ్డు వాసన, చేతుల నించి రెండు రోజుల దాకా పోదు. పాత చొక్కా వేసుకోండి.

రావులపాలెం_షెడ్డు

సుమో గారూ, డీజిల్ విషయంలో మీతో ఏకీభవించలేను అండి. హౌసింగ్ లోపల ఇరుసు గొట్టాల్లో, బేరింగుల వెనక డీజిల్ ఎంత ఉండిపోయిందో మనకి కనబడదు, అది కొత్త నూనెని పల్చన చేస్తుంది. గేర్ బాక్స్‌లో అయితే అసలు వద్దు. దానికి బదులు అదే గ్రేడు ఆయిల్ తక్కువ ధరది ఒకటి పోసి, లోడు లేకుండా ఓ 20, 30 కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి దించెయ్యండి, అదే కడిగేస్తుంది. తర్వాత మంచిది పొయ్యండి. ఖర్చు ఓ డబ్బా ఎక్కువ అవుతుంది, క్రౌను పినియన్ సెట్టు ధర ముందు అది లెక్కలోది కాదు.

మూలుగు గురించి. యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలేస్తే ఒకలా మారితే క్రౌను పినియన్ దగ్గర అనుకోవాలి. తొక్కినా వదిలినా ఒకేలా ఉండి, మలుపుల్లో మారితే చక్రం బేరింగు. ఏదైనా ఇప్పటికే గుంటలు పడి ఉంటే ఆయిల్ మార్చినా శబ్దం పోదు, ముందే చెప్తున్నాను.

భీమవరం_రొయ్య

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాది స్విఫ్ట్, చెరువుల గట్ల మీద తిరుగుతాను, ఉప్పునీళ్లు తగులుతూనే ఉంటాయి. నేనూ హౌసింగ్ ఆయిల్ చూసుకోవాలా?

ఏటిగట్టు_డ్రైవర్

మీకు వెనక హౌసింగే లేదండి. ముందు చక్రాలు లాగే బండ్లకి డిఫరెన్షియల్ (వెనక హౌసింగ్‌లో ఉండే ఆ గేర్ల సెట్టు) గేర్ బాక్స్‌లోనే ఉంటుంది, రెండింటికీ ఒకటే ఆయిల్. బొలెరో, సుమో, ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాలు తోసే బండ్లకే ఇది వేరే. గేర్లు వాటంతటవే మారే ఆటోమేటిక్ అయితే మాత్రం ఇంట్లో ముట్టుకోకండి. దానికి ఫ్లూయిడ్ వేరు, లెవెల్ కూడా ఫలానా వేడి దగ్గరే చూడాలి.

లంక తమ్ముడికి ఇంకో మాట. దించిన ఆయిల్ కాలవలో గానీ, తోటలో గానీ పొయ్యకు. కంచె గుంజలకి చెదలు పట్టకుండా రాస్తారు మనవైపు, అదీ వద్దు, వర్షానికి దిగి బోదెలోకే వస్తుంది. మన మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలవ నీళ్లతోనే కదా. డబ్బాల్లో పట్టి షెడ్డులో ఇస్తే పాత ఇంజినాయిల్‌తో కలిపి కొనేవాళ్లకి పంపిస్తారు.

నీళ్లు ఎక్కిన కాజ్‌వే మీద మాత్రం ఇంకెప్పుడూ దిగకు నాన్నా. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ నించి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు ఏం జరిగిందో మనందరం చూశాం. మేమైతే అక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే చాలు, బండి ఇవతల ఏటిగట్టు మీదకి తెచ్చేస్తాం. మిగిలిపోయిన కాయ పడవ మీద తెచ్చుకుంటాం.

లంక_కొబ్బరి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు అండి. నిన్న మిల్లు చప్టా మీద చేశాను. నింపే బోల్టు మీరన్నట్టే బిగుసుకుపోయింది. రెండు రాత్రులు స్ప్రే కొట్టి, రెంచీకి పైపు తొడిగి నొక్కితే టక్కున శబ్దం చేసి వదిలింది. హౌసింగ్ కింది బోల్టు వదులు చెయ్యగానే ముందు ఓ అరగ్లాసు నీళ్లు, ఇసుక మట్టితో. వెనకాలే చిక్కటి మజ్జిగలో పసుపు కలిపినట్టు దిగింది, అసలు నూనె రంగే లేదు. బోల్టుకున్న అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద పట్టింది, దాన్ని వేళ్ల మధ్య నలిపితే రెండు చిన్న పెచ్చులు గుచ్చుకున్నాయి. గేర్ బాక్స్‌లో అంత లేదు, కొంచెం తెల్లబడింది అంతే.

హౌసింగ్‌లో రెండుసార్లు జీఎల్-5 పోసి దించాను, రెండోసారి తేనె రంగులో వచ్చింది, అప్పుడు మంచిది పోశాను. గేర్ బాక్స్‌లో మాన్యువల్లో రాసిన జీఎల్-4. రెండో గేరు పొద్దున్నే ఇప్పుడు ఇబ్బంది లేకుండా పడుతోంది. మూలుగు తగ్గింది గానీ, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంకా ఉంది. షెడ్డు గారూ, ఆ పెచ్చులు పినియన్ బేరింగువే అంటారా?

రావులపాలెం_షెడ్డు

వదిలినప్పుడే వస్తోందంటే ఎక్కువగా అదే. మామూలు అరుగుదలకి మెత్తటి ముద్ద వస్తుంది, గుచ్చుకునే పెచ్చులు రావు. లోడు కట్టకుండా నెమ్మదిగా తిప్పుకోండి, ఈ నెలలోనే హౌసింగ్ దింపించండి. బేరింగ్ ఒక్కటే అయితే తక్కువలో పోతుంది, వదులై పినియన్ ఆడిందంటే క్రౌను పళ్లు కూడా పోతాయి. దింపినప్పుడే బ్రీదర్ కప్పు తీసేసి, నూనెకి తట్టుకునే రబ్బరు గొట్టం తొడిగి, ఛాసిస్ పైకంటా ట్రక్కు వెనక గోడ దాకా కట్టించండి. కొస కిందికి వంచి ఉండాలి, చివర చిన్న ఫిల్టర్ పెట్టించండి, లేకపోతే కందిరీగలు మట్టితో మూసేస్తాయి.